నలుగురు కూర్చునే చాప

మొన్న ఫిబ్రవరిలో చిత్తూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. వధువు అమ్మమ్మకు ఒకప్పుడు నేను అక్షరాలు దిద్దించాను. వరుడి తాత నాతోపాటు చాలా ఏళ్ళు చర్చి సంఘ కమిటీలో పనిచేశాడు. చర్చిలో కుర్చీలన్నిటికీ తెల్లని గుడ్డ తొడిగి, వధువు వైపు వాటికి గులాబిరంగు రిబ్బన్లు, వరుడి వైపు వాటికి నీలిరంగు రిబ్బన్లు కట్టారు. గుమ్మంలో పన్నీరు చల్లుతున్న ఒక పిల్ల నా చేయి పట్టుకొని లోపలికి నడిపిస్తూ, "అవ్వా, నువ్వు ఎవురి తట్టు? పెండ్లికూతురి తట్టా, పెండ్లికొడుకు తట్టా?" అని అడిగింది. ఇద్దరి తట్టూ అన్నాను. అటువంటి కుర్చీ అక్కడ లేదు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, మైకు పెట్టె పక్కన రిబ్బను లేని కుర్చీ ఒకటి కనిపెట్టి అందులో కూర్చోబెట్టింది. పాస్టరు గారి ప్రసంగం నాకు వినిపించింది తక్కువ, పెట్టె చేసే గురగుర వినిపించింది ఎక్కువ. అందువల్ల ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది. ఇదే కట్టడంలో, ఇంచుమించు ఇదే చోట, 1946 జూన్ నెలలో నన్ను మరొకరు దాదాపు ఇదే ప్రశ్న అడిగారు. అప్పుడు కుర్చీలు లేవు. "నువ్వు ఎవురి సాప?" అని అడిగారు.

అప్పటికి నా వయస్సు పందొమ్మిది నిండి ఇరవై నడుస్తున్నది. బాప్తిస్మపు పత్రాన్ని బట్టి ఈ మాట చెబుతున్నాను. మా అమ్మ లెక్కకు ఒక ఏడాది ఎక్కువే వచ్చేది. ఆమె నా పుట్టుకను కరువు వచ్చిన ఏటితో గుర్తు పెట్టుకున్నది. కరువులేమో మా వైపు ఒకటి కాదు. మాది పలమనేరుకు దగ్గరలోని పల్లె. నాయనకు ఎనుములుండేవి, పట్నంలో పాలు పోసేవాడు. నేను మిషను బడిలో చదువు ముగించి, బైబిలు స్త్రీల శిక్షణ కూడా పూర్తి చేశాను. బైబిలు స్త్రీ అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు చదవను వ్రాయను నేర్పుతూ, పాటలు పాడుతూ, వాక్యం చెప్పే మనిషి. శిక్షణ ముగిసిన వారిని ఒక ఏడాది పాటు ఏదైనా సంఘంలో పరిశీలన మీద ఉంచేవారు. ఇప్పటి పిల్లలు ఇంటర్నులని చెప్పుకొంటున్నది అదే. ఏడాది చివర, మార్చి నెలలో, సంఘ కమిటీ కూర్చుని "ఈమె మాకు కావాలి" అంటే ఉద్యోగం స్థిరపడేది, వద్దంటే ఇల్లు చేరవలసిందే. నా వెనుక ఇద్దరు చెల్లెళ్ళు మిషను హాస్టలులో చదువుతున్నారు. ఉద్యోగం స్థిరపడిన వారి ఇంటి పిల్లలకే హాస్టలులో రాయితీ. నేను స్థిరపడతానన్న నమ్మకం మీద ఒక ఏడాదికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా పెట్రోలు కొరత తీరలేదు. బస్సు వెనుక బొగ్గు కొలిమి ఒకటి తగిలించి, దానిలోని గ్యాసుతో నడిపేవారు. మొగిలి ఘాటు దిగేటప్పుడు సుఖమే, ఎక్కేటప్పుడు మగవారంతా దిగి తోయవలసి వచ్చేది. నాయన నన్ను దిగబెట్టడానికి చిత్తూరు దాకా వచ్చాడు. తిరుగు బస్సు ఎక్కేముందు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకొంటూ, "చెల్లెండ్లిద్దరి సదువూ నీ మింద ఉండాది. ఎవురికీ ఎదురు సెప్పబాక. అందురితో కలిసి ఉండు" అన్నాడు. ఆ మాట నేను చాలా నిష్ఠగా పాటించదలచుకున్నాను. అందరితో కలిసి ఉండడమెలాగో నాయన చెప్పలేదు, నేను అడగలేదు.

నన్ను ఉంచింది సంఘంలోని ముసలి బైబిలు స్త్రీ దగ్గర. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. చర్చి ఆవరణలో రెండు గదుల పెంకుటిల్లు ఆమెది. సన్నగా, పొట్టిగా, ఎండకూ వానకూ ఒకే నల్ల గొడుగుతో తిరిగేది. రేషను బియ్యం వారానికి సరిపోయేవి కావు, ఎక్కువ పూటలు రాగిసంగటే. సంగటి ముద్ద చేయడంలో ఆమెకొక పట్టుదల ఉండేది. ముద్ద గుండ్రంగా రాకపోతే మళ్ళీ తడిచేత్తో తిప్పేది, ఆకలి వేస్తున్నదని నేనంటే, "వంకర ముద్ద వంకరగానే దిగతాది" అనేది. మధ్యాహ్నం ఇండ్లలో పని తెమిలే వేళకు ఇద్దరం బయలుదేరేవాళ్ళం. ఆమె మొదటిసారి వెళ్ళిన ఇంట్లో సంచిలోని పుస్తకం బయటికి తీసేది కాదు. అరుగు మీద కూర్చుని ఆ ఇంటి వాళ్ళతో పాటు చెనిక్కాయలు వలిచేది, చింతపండు గింజ తీసేది. గింజ తీయడం కూడా శిక్షణలో భాగమని నాకు అప్పుడు తెలియలేదు, కాలం వృథా అవుతున్నదని లోపల బాధపడేదాన్ని.

ఇక చాపల సంగతి. మా చర్చిలో మగవారి వైపు నాలుగైదు బల్లలుండేవి. ఆడవారంతా నేల మీదే. నల్లరాతి బండలు చల్లగా ఉండేవి కాబట్టి ప్రతి ఇంటివారూ తమ చాప చుట్టి చంకన పెట్టుకొని వచ్చేవారు. ఏ చాప ఎక్కడ పరవాలో ఎవరూ ఎన్నడూ నిర్ణయించినట్లు దాఖలా లేదు. అయినా అది బండలో చెక్కినంత స్థిరంగా ఉండేది. ముందు వరుసలో హెడ్మాస్టరు గారి ఇంటివారి సన్నని కోరచాప, ఎర్ర అంచుది. ఆయన కమిటీకి పెద్ద. వారి పక్కన ఇతర ఉపాధ్యాయుల చాపలు, ఆ వెనుక ఆసుపత్రిలో పనిచేసే కుటుంబాలవి, చివర పేటలోని కూలి ఇండ్ల వారి ఈతాకు చాపలు. నా లెక్కకు మొత్తం ముప్పైకి అటూఇటూ. ఒకరి గురించి మరొకరు చెప్పుకొనేటప్పుడు ఇంటిపేరు కంటే చాపే ముందు వచ్చేది. "ఆయమ్మ మూడో సాపామె" అంటే అందరికీ తెలిసేది.

చాప లేనిది ఒక్క పెద్దమ్మకే. ఆమె ఒక ఆదివారం ఈ చాప మీద, మరొక ఆదివారం ఆ చాప మీద కూర్చునేది. ముందు చాపకూ చివరి చాపకూ ఆమెకు తేడా లేదు. రెండు ఇండ్ల నడుమ మాటలు లేకపోతే ఒక వారం ఈ ఇంటి చాప మీద, మరుసటి వారం ఆ ఇంటి చాప మీద కూర్చుని, అటువైపు మాట ఇటు చేరవేసేది. మొదటి ఆదివారం నేను ఆమె వెనుకే నడవబోతే ఆపింది. "నా ఎనక రాబాక. ఇద్దరం ఒకే సాప మింద కూసుంటే ఇంకో సాప వాళ్ళు నొచ్చుకుంటారు. నువ్వు యాడన్నా కూసో, పో" అని గొడుగు మడిచి వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఉండగా చివరి చాపలోని ఒక అవ్వ తల తిప్పి, "ఏమ్మే కొత్త పాపా, నువ్వు ఎవురి సాప?" అని అడిగింది. నేను చాపలన్నీ కలయజూస్తుండగా ముందు నుంచి హెడ్మాస్టరు గారి భార్య చేయి ఊపింది. నేను వెళ్ళి ఆ ఎర్ర అంచు చాప మీద కూర్చున్నాను. పిలిచిన చోట కూర్చోవడం మర్యాద అనుకున్నాను. మరుసటి వారం కూడా ఆమే పిలిచింది, ఆ మరుసటి వారమూ పిలిచింది. పేటలో ఎవరింటికి పోయినా నా కోసం పీట వెతకడం, పీట దొరకక గాబరా పడడం మొదలైంది. "ముందు సాపామె వచ్చింది, ఆ కోడిని అవతలకు తరమండి" అనే కేక వీధి మొదట్లోనే వినిపించేది. కోడికీ నాకూ మధ్య శత్రుత్వమేమీ లేదు.

ఇది నాకు నచ్చలేదు. ఒకరి చాప మీద కూర్చుంటే మిగతావారికి దూరం అవుతున్నాననీ, పెద్దమ్మలా చాపలు మారడానికి నాకింకా ఆ చనువు లేదనీ ఆలోచించి, ఎవరి పక్షమూ కాకుండా ఉండే ఉపాయం ఒకటి కనుగొన్నాను. సొంత చాప కొనుక్కోవడమే ఆ ఉపాయం. ఆగస్టులో ఒక శనివారం బజారుకు పోయాను. చాపలమ్మే ముసలాయన తమిళం కలిసిన తెలుగులో, "ఎంతమందికమ్మా?" అని అడిగాడు. ఒక్కదానికే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కదానికి ఎవురమ్మా సాప అల్లేది? నలుగురిది ఉండాది, ఆరుగురిది ఉండాది. ఇంట్లో ఎవురూ లేరా?" అన్నాడు. నలుగురు కూర్చునే చాప కొన్నాను. దానిని చంకన పెట్టుకొని వస్తుంటే, చిత్తూరులో నాకొక చోటు దొరికిందన్న ధీమా కలిగింది.

మరునాడు దానిని పరవడానికి స్థలం వెతికితే తలుపుకూ చివరి ఈతాకు చాపకూ నడుమ మాత్రమే ఖాళీ కనిపించింది. అక్కడ పరిచి, ఒక మూల కూర్చున్నాను. పాట మధ్యలో ముప్పై చాపల తలలూ ఒకసారి వెనక్కి తిరిగాయి. ఆ సంఘంలో చాప పరవడమంటే ఒక ఇల్లు ఏర్పడడం. పెళ్ళయి వేరు కాపురం పెట్టిన వారు మాత్రమే కొత్త చాపతో వచ్చేవారు. ఒంటరి ఆడపిల్ల నలుగురి చాప పరుచుకొని కూర్చోవడం ఎవరూ చూడలేదు. హెడ్మాస్టరు గారి భార్య బయట కలిసి, "మా చాపలో ముల్లేమైనా గుచ్చుకుందా అమ్మా?" అని నవ్వు లేకుండా అడిగింది. చివరి చాప అవ్వ మరొక విధంగా అర్థం చేసుకున్నది. "మాతో కూసుంటే మైల పడతావని ఏరే పరుసుకున్నావా మే? సెప్పు, పర్వాలేదు" అన్నది. ముందువారూ వెనుకవారూ ఒకే వారంలో నా మీద అలిగారు. వారిద్దరికీ చాలాకాలం తరువాత ఒకే అభిప్రాయం కుదిరింది నా వల్లనే.

పెద్దమ్మనైనా వచ్చి కూర్చోమన్నాను. ఆమె సంగటి కెలుకుతూ, "నేను ఇండ్ల సాపల మింద కూసుంటాను. నీది ఇల్లు కాదు గదే ఇంకా" అని తేల్చేసింది. చాప మడిచి లోపల పెట్టేయవచ్చు కదా అని పాఠకులు అనుకోవచ్చు. పెట్టేస్తే మళ్ళీ ఎవరి చాప మీద కూర్చున్నా మరొకరికి కోపం. కాబట్టి ఆగస్టు నుంచి నేను తలుపు పక్కన, నలుగురు పట్టే చోట ఒక్కదాన్నే కూర్చున్నాను. చాప మిగతా మూడు వంతులూ గాలికి ఎగరకుండా ఒక వైపు పాటల పుస్తకం, ఒక వైపు సంచి పెట్టేదాన్ని. అక్టోబరులో అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నన్ను పిలిచి కూర్చోబెట్టారు. మెత్తని మనిషి. చాలాసేపు వర్షాల గురించి మాట్లాడి, చివరకు, "నీ పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదమ్మా. కానీ పిల్ల జనంలో కలవలేదు అని కమిటీలో ఒక మాట వచ్చినాది. మార్చికి ఇంకా టైము ఉండాది" అన్నారు. ఆ సాయంత్రం చెల్లెళ్ళ ముఖాలు గుర్తుకు వచ్చి, మార్చికి ఇంకా ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెట్టుకొన్నాను.

కలవడానికి నాకొక అవకాశాన్ని కూడా అయ్యగారే చూపించారు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఒకామె ఉండేది. భర్త లేడు, మూడేళ్ళ కూతురు ఒక్కతే. వానాకాలంలో ఆ పిల్లకు టైఫాయిడు జ్వరం తగిలి, బ్రతకదని అందరూ అనుకున్నారు. అయ్యగారు వెళ్ళి మంచం పక్కన ప్రార్థన చేశారు. అదే సమయంలో తల్లి తిరుపతి కొండకు మొక్కుకున్నది. పిల్ల లేచి కూర్చున్నది. ఒకరోజు తల్లి పాకాలలో బండి మారి తిరుపతి చేరి, పిల్లను చంకనెత్తుకొని మెట్ల దారిన కొండెక్కి, తల నీలాలు ఇప్పించి వచ్చింది. ఆ ఆదివారం నున్నని గుండుతో పిల్లను చర్చికి తీసుకువచ్చి, ఎప్పటి మాదిరిగా ఆయాలంతా కలిసి పరుచుకొనే ఆసుపత్రి చాప మీద కూర్చున్నది. దాచాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. కమిటీ కూర్చుని, ఆమె సంఘం ఎదుట నిలబడి తాను చేసింది తప్పని చెప్పేవరకు ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, రాకూడదని తీర్మానించింది. మరుసటి వారం ఆసుపత్రి చాప మీద ఆమెకు ఎవరూ జరిగి చోటివ్వలేదు. అప్పటి నుంచి ఆమె పిల్లను పట్టుకొని గుమ్మంలో నిలబడేది. రెండు గంటల ఆరాధన అయ్యేవరకు నిలబడి, అందరికంటే ముందు వెళ్ళిపోయేది. "నువ్వు మాట్లాడి ఆమెను ఒప్పించమ్మా. ఒప్పించినావంటే కమిటీకి నీ మింద మంచి అభిప్రాయం వస్తాది" అన్నారు అయ్యగారు.

నేను ఆయా ఇంటికి వెళ్ళాను. ఆమె వడ్లు దంచుతున్నది. నేను పెద్దమ్మ పద్ధతిలో చేట అందుకొని చెరగడం మొదలుపెట్టాను. నా చెరుగుడు చూసి, "నూకలన్నీ నేల పాలు సేస్తావుండావు, ఈడ పెట్టు తల్లీ" అని చేట లాక్కొన్నది. అందువల్ల నేరుగా విషయానికి రావలసి వచ్చింది. ఒక్క మాట తప్పని చెబితే అంతా సరిపోతుంది కదా అన్నాను.

"ఏది తప్పు?"

"కొండకు మొక్కడం."

"మొక్కడం తప్పేమో, నాకు తెల్దు. ఆ రాత్రి బిడ్డ కండ్లు తేలేసినాది. యాడ తలుపు కనబడితే ఆడ కొట్టినాను. మొక్కినాక తీర్చకుండా ఉండేది ఎట్ల? ఆ సామికిచ్చిన మాట తప్పినదాన్ని ఈ సామి మాత్రం నమ్ముతాడా?"

నేను శిక్షణలో వ్రాసుకొన్న పాఠాలన్నీ మనసులో తిరగేశాను. ఆమె రోకలి గోడకు ఆనించి మళ్ళీ మాట్లాడింది. "మా అత్త మొక్కిందని అబద్ధం సెప్పుమని ఒకామె నేర్పించినాది. ఆ మాట సెప్పను. నేనే మొక్కినాను. తప్పని సెప్తే, బిడ్డ బతకడమే తప్పని సెప్పినట్టుంటాది నాకు. ఆ ఒక్క మాట నోటికి రాదు."

"మరి ప్రతి ఆదివారం వచ్చి ఎందుకు నిలబడతావు? అంత అవమానం..."

ఆమె నన్ను జాలిగా చూసింది. "యాడికి పోవాల? అమ్మ కోప్పడిందని ఇల్లు మారుస్తామా?"

పిల్ల మా మధ్యకు వచ్చి నూకలు ఏరి నోట్లో వేసుకొంటున్నది. దాని తల మీద అప్పుడే మొలిచిన వెంట్రుకలు నారుమడి మాదిరిగా నిలబడి ఉన్నాయి. నేను తిరిగి వచ్చి అయ్యగారికి ఆమె మాటలు ఒక్కటీ మార్చకుండా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నారు. "నాకూ జవాబు తెలీదమ్మా. కాని కమిటీకి జవాబు కావాల" అన్నారు. తీర్మానంలో సరిగ్గా ఏమున్నదని అడిగాను. బల్ల దగ్గరికి రాకూడదు, అంతే అన్నారు. ఆ మాటను నేను అప్పుడు జాగ్రత్తగా విన్నాను.

జనవరిలో ఒక ఆదివారం. పండుగలు అయిపోయాయి, ఉదయపు చలి ఇంకా బండల్లోనే ఉన్నది. హెడ్మాస్టరు గారు వాక్యం చదివారు, అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. గుమ్మంలో నిలబడి నిలబడి పిల్ల విసిగిపోయింది. తల్లి చేతిలోంచి వేలు విడిపించుకొని, రెండడుగులు వేసి, నా చాప అంచున ఆగింది. బండ చల్లదనమూ చాప వెచ్చదనమూ కాళ్ళతో పోల్చి చూసుకొన్నట్లు ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టింది. తరువాత నేరుగా నడుమకు నడిచి, నా సంచిని తలకింద పెట్టుకొని పడుకొన్నది. మూడు నిమిషాల్లో నిద్రపోయింది.

నేను తల ఎత్తేసరికి తల్లి గుమ్మంలో కొయ్యబారి ఉన్నది. లోపలికి వచ్చి పిల్లను తీసుకుపోవాలన్నా అడుగు లోపల పెట్టాలి కదా. ముందు చాపల వారు ఒక్కొక్కరే తిరిగి చూస్తున్నారు. అయ్యగారు ప్రసంగం ఆపలేదు కాని గొంతు కొంచెం తగ్గింది. నేను చేయవలసింది చాలా తేలిక. నిద్రపోతున్న పిల్లను ఎత్తి తల్లికి అందిస్తే, మార్చిలో నా గురించి ఎవరూ ఏమీ అనరు. నాయన మాటా గుర్తున్నది, హాస్టలులో చెల్లెళ్ళూ గుర్తున్నారు. బల్ల సంగతే తీర్మానించారు, చాప సంగతి తీర్మానించలేదు అన్నదీ గుర్తున్నది. నేను చాప మూలకు జరిగాను. తల్లి వైపు చూసి పక్కన చేత్తో తట్టాను. ఆమె వద్దన్నట్లు తల ఊపింది. మళ్ళీ తట్టాను. ఆమె చెప్పులు విడిచి, వంగి వంగి వచ్చి, సగం చాప మీద, సగం బండ మీద కూర్చున్నది. మిగతా ప్రసంగం దేని మీదనో నాకు తెలియదు. ఆ రోజు ఆడవారి వైపు ఎవరికీ తెలిసి ఉండదు.

బయటికి వచ్చాక హెడ్మాస్టరు గారి భార్య, "నీ చాపకు మొత్తానికి మనుషులు దొరికినారన్నమాట" అంటూ వెళ్ళిపోయింది. చివరి చాప అవ్వ మాత్రం నా భుజం మీద చేయి వేసింది. "ఇంత పెద్ద సాప ఎందుకు కొనిందబ్బా ఈ పిల్ల అనుకుంటావున్నా. సరే పో" అన్నది.

మార్చిలో కమిటీ నన్ను పిలిచింది. ఏడుగురు కూర్చుని ఉన్నారు, నేను నిలబడ్డాను. హెడ్మాస్టరు గారు న్యాయమైన మనిషి. పరీక్షలో తన సొంత కొడుకునే ఫెయిలు చేశారని చెప్పుకొనేవారు. గొంతు పెంచకుండా అడిగారు. "సంఘం శిక్షించిన మనిషిని నీవు క్షమించావు. ఆ అధికారం నీకు ఎవరిచ్చారమ్మా?"

"నేను క్షమించలేదండీ. జరిగి కూర్చున్నాను."

ఎవరో దగ్గినట్లు నవ్వారు. హెడ్మాస్టరు గారు నవ్వలేదు.

"రెండింటికీ తేడా ఏముంది?"

"బల్ల దగ్గరికి రాకూడదని మీరు తీర్మానించారు. ఆమె రాలేదు. చాప మీద కూర్చోకూడదని తీర్మానం ఉంటే చెప్పండి, ఏ తేదీన జరిగిందో."

అయ్యగారు, "లేదు" అన్నారు. ఇంకొక పెద్దమనిషి, "సాపలూ పీటలూ అన్నీ తీర్మానాల్లో రాస్తారాప్పా యాడన్నా?" అని విసుక్కొన్నాడు. నన్ను బయటికి పంపి గంటసేపు మాట్లాడుకొన్నారు. నాయన ఎదురు చెప్పవద్దన్నాడు, నేను ఏడుగురికి ఒకేసారి ఎదురు చెప్పానని ఆ గంట పొడుగునా వేపచెట్టు చుట్టూ అనుకొంటూ తిరిగాను. చివరకు అయ్యగారు బయటికి వచ్చారు. పంపించడం లేదు, స్థిరపరచడమూ లేదు. పరిశీలన ఇంకొక సంవత్సరం పొడిగించారు. నాకు తెలిసినంతవరకు ఆ ప్రాంతంలో రెండు సంవత్సరాలు పరిశీలనలో ఉన్న బైబిలు స్త్రీని నేనొక్కదాన్నే.

దాని ధర మా ఇంట్లో చెల్లించవలసి వచ్చింది. మినహాయింపు ముగిసి, నాయన చిన్నదాని ఫీజు ఒక్కటే కట్టగలగడంతో పెద్ద చెల్లెలు ఆ ఏడాది హాస్టలు విడిచి ఇంటికి వెళ్ళి ఎనుములు కాచింది. మరుసటి ఏడు మళ్ళీ చేరి, తనకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చుని చదివింది. చాప మీద నేను జరిగినందుకు తాను ఒక తరగతి వెనక్కి జరిగానని ఆమె తన అరవయ్యో ఏట కూడా నన్ను దెప్పేది. ఆ మాట సరైనదే కాబట్టి నేను ఎన్నడూ కాదనలేదు. నాయన మాత్రం కబురు విని, "అందురితో కలిసి ఉండమన్నాను, ఆయమ్మ ఆ అందురిలో లేదా?" అన్నాడట. అమ్మ చెప్పింది.

కమిటీ జరిగిన తరువాతి ఆదివారం పెద్దమ్మ గొడుగు మడిచి తలుపు పక్కన నిలబెట్టి, తిన్నగా వచ్చి నా చాప మీద కూర్చున్నది. ఆయా, పిల్ల, నేను, ఆమె. నలుగురం. ఇండ్ల చాపల మీదనే కూర్చుంటానన్నారు కదా అని గుసగుసగా అడిగాను. "ఇల్లయింది గదే ఇప్పుడు. పాట ఎత్తు" అన్నది. వారాలు గడిచేకొద్దీ తలుపు దగ్గర ఆగిపోయేవారు ఒక్కొక్కరే మా చాపకు వచ్చారు. బదిలీ మీద వచ్చిన తమిళ నర్సు, కోడలితో పడని ఒక అత్త, ఇంకా బాప్తిస్మం తీసుకోని పేట స్త్రీలు ఇద్దరు. ఆయా బల్ల దగ్గరికి వెళ్ళలేదు, తప్పని చెప్పలేదు, ఒక్క ఆదివారం మానలేదు. కమిటీ ఆ తీర్మానాన్ని రద్దు చేయలేదు. దాని సంగతి ఎత్తనూ లేదు.

1948లో, రెండో పరిశీలన ముగిసి నా ఉద్యోగం స్థిరపడిన తరువాత, ఒక బల్ల ఆరాధన రోజున మా చాప వాళ్ళం లేచి ముందుకు వెళ్ళాము. మోకరించాక నా పక్కన చీర కదిలిన చప్పుడైతే తల తిప్పాను. ఆయా. ఎవరూ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. అయ్యగారు రొట్టె పట్టుకొని వరుసగా వస్తూ ఆమె ముందు ఆగారు. ఆగింది ఎంతసేపో చెప్పలేను. ఆమె దోసిలిలో ముక్క పెట్టి ముందుకు కదిలారు. ఆయన వెనుక పాత్ర పట్టుకొని వస్తున్నది హెడ్మాస్టరు గారు. ఆయన చేయి పాత్ర మీద బిగుసుకొన్నది, తరువాత వంగి ఆమె పెదవులకు అందించారు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పిల్ల ఆయనకు అడ్డం వచ్చింది. దానికప్పుడు రెండు పిలకలు, చివర్లలో ఎర్ర దారం. ఆయన ఒక పిలకను రెండు వేళ్ళతో పట్టుకొని చూసి, "జుట్టు బాగా పెరిగిందే నీకు" అన్నారు. అంతకుమించి ఆ విషయం మీద సంఘంలో ఎవరూ, ఎప్పుడూ, ఏమీ మాట్లాడినట్లు నేను వినలేదు.

సంవత్సరాలు గడిచిపోతాయని అందరూ అంటారు. చిత్తూరులో నా మొదటి రెండు సంవత్సరాలు మాత్రం గడిచిపోలేదు; నా కళ్ళముందే ఒక పిల్ల తల మీద వెంట్రుక వెంట్రుకగా పెరిగాయి.